ఆకాశంలో కనిపించని గోడలు

పొలానికి గట్టు ఉంటుంది. ఇంటికి ప్రహరీ ఉంటుంది. ఊరికి పొలిమేర ఉంటుంది. మరి ఆకాశానికి? తలెత్తి చూస్తే ఎక్కడా ఒక గీత కూడా కనిపించదు. గద్ద తనకిష్టమైన చోట తిరుగుతుంది. మబ్బు గాలి ఎటు తోస్తే అటు పోతుంది. విమానం కూడా అలాగే ఎటు కావాలంటే అటు పోవచ్చునని చాలామంది అనుకుంటారు. కాని అలా పోవడానికి వీల్లేదు. పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉండే ఆకాశాన్ని గదులుగా, అంతస్తులుగా విభజించి ఉంచారు. ఆ గదుల గోడలు పైలట్ చేతిలోని పటం మీద మాత్రమే ఉంటాయి. ఆకాశంలో వాటి జాడ కూడా కనిపించదు.

అందువల్లనే విమానం నడపడం నేర్చుకుంటున్న విద్యార్థులు ఒక్కొక్కసారి తమకు తెలియకుండానే ఆ గోడలు దాటి లోపలికి పోతూ ఉంటారు. నేర్చుకోవడం పూర్తయిన వారికి కూడా ఇది జరుగుతుంది. గోడ దాటినప్పుడు గంట మోగదు, కుదుపు తగలదు. చాలాసార్లు ఏ ప్రమాదమూ జరగదు కూడా. కాని ఒక్కసారి జరిగితే ఏమవుతుందో 1986లో అమెరికాలో జరిగిన ఒక సంఘటన చూపించింది. అసలు ఈ గోడలు ఎందుకు కట్టారు, వాటిని తెలియకుండా ఎలా దాటుతారు, దాటినవారు ఏం చేయాలి అన్న సంగతులు తెలుసుకుందాం.

గోడలు ఎందుకు?

విమానాలు ఎగిరే పద్ధతులు రెండు. చిన్న విమానాల పైలట్లు ఎక్కువగా అనుసరించేది కంటిచూపు పద్ధతి. వాతావరణం నిర్మలంగా ఉన్నప్పుడు పైలట్ కిందనున్న నదినీ, రోడ్డునీ, రైలు పట్టాలనూ ఆనవాలు పట్టుకుంటూ పోతాడు. మరో విమానం ఎదురైతే తానే చూసి తప్పుకుంటాడు. ఇందులోని సూత్రమల్లా ఒక్కటే: ‘చూడు, తప్పుకో.’ సంత వీధిలో సైకిలు తొక్కేవాడు చేసే పని ఇదే.

రెండవది పరికరాల పద్ధతి. ప్రయాణికుల జెట్ విమానాలు మబ్బుల్లోనూ, చీకట్లోనూ కూడా పోవాలి. వాటి పైలట్లు కంటిని కాక పరికరాలను నమ్ముకుంటారు. నేల మీద ఒక గదిలో కూర్చున్న కంట్రోలర్ రాడార్ తెరను చూస్తూ, ఏ విమానం ఏ దిక్కుగా, ఏ ఎత్తులో, ఎంత వేగంతో పోవాలో రేడియోలో చెబుతూ ఉంటాడు. రైళ్ళు ఒకదానికొకటి ఎదురు పడకుండా స్టేషన్ మాస్టర్లు చూసుకుంటారే, అలాంటి పని ఇది.

మొదట్లో ఈ నియంత్రణ చాలా తక్కువ ప్రాంతాలలోనే ఉండేది. 1956 జూన్ 30న అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ పైన రెండు పెద్ద ప్రయాణికుల విమానాలు ఢీకొని, వాటిలోని 128 మందీ మరణించారు. ఆ సమయంలో రెండూ నియంత్రణ లేని ఆకాశంలో ‘చూడు, తప్పుకో’ అన్న సూత్రం మీదనే ఎగురుతున్నాయి. ఆ ప్రమాదం దేశాన్ని కదిలించింది. గగనయానం మొత్తాన్ని ఒకే సంస్థ అజమాయిషీ చేయాలని 1958లో చట్టం వచ్చింది. 1970 నుంచి రద్దీ ఎక్కువగా ఉన్న విమానాశ్రయాల చుట్టూ ప్రత్యేకమైన నియంత్రిత గగనతలాలు ఏర్పరచసాగారు. కంట్రోలర్ అనుమతి లేనిదే ఏ విమానమూ వాటి లోపలికి రాకూడదు.

కోనేరు లాంటి ఆకాశం

ఈ నియంత్రిత గగనతలం ఆకారం తెలియాలంటే మీ ఊరి గుడి దగ్గరి కోనేరును తలచుకోండి. కోనేరు పైన విశాలంగా ఉంటుంది. మెట్లు దిగేకొద్దీ ఇరుకవుతూ, అడుగున చిన్న చదరంగా మిగులుతుంది. గగనతలమూ అంతే. విమానాశ్రయం దగ్గర అది నేలను తాకుతుంది. అక్కడ దాని వెడల్పు తక్కువ. దూరం పోయేకొద్దీ దాని అడుగు మెట్టు మెట్టుగా పైకి లేస్తుంది. చాలా దూరాన అది కొన్ని వేల అడుగుల ఎత్తున మాత్రమే ఉంటుంది. జెట్ విమానాలు దూరాన ఎత్తులో ఉండి, విమానాశ్రయానికి దగ్గరయ్యేకొద్దీ దిగుతూ వస్తాయి కనుక ఈ ఆకారం వాటి దారికి సరిపోతుంది. మెట్ల కింద మిగిలిన చోటు చిన్న విమానాలది.

ఇందులో ఒక తమాషా ఉంది. కోనేటి మెట్ల వెనుక మట్టిలో ఒక చీమ బొరియ చేసుకుంటూ, పైకి గాని కిందికి గాని పోకుండా, తిన్నగా ముందుకే సాగుతున్నదనుకోండి. అది చివరికి ఎక్కడ తేలుతుంది? నీళ్ళలో! ఒక్క అంగుళం పైకెక్కకుండానే అది మెట్టును ఛేదించుకుని కోనేరులోకి వచ్చేసింది. చిన్న విమానం కూడా ఒకే ఎత్తులో విమానాశ్రయం వైపు పోతూ ఉంటే, అలాగే గోడ దాటి లోపలికి పోతుంది. ‘నేను పైకెక్కలేదే!’ అని పైలట్ ఆశ్చర్యపోవచ్చు. అతడు ఎక్కలేదు. కాని అతని నెత్తి మీది కప్పు ఒక మెట్టు కిందికి దిగింది.

మన హైదరాబాదునే తీసుకోండి. నగరం చుట్టుపక్కలనే బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ అని నాలుగు విమాన క్షేత్రాలు ఉన్నాయి. హకీంపేట, దుండిగల్ వైమానిక దళానికి చెందినవి. ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాదుకు మారాయి. నేల మీద వీటి మధ్య దూరం బస్సుకు గంటల ప్రయాణం కావచ్చు గాని, విమానానికి కొద్ది నిమిషాలే. ఇలాంటి చోట ఎవరి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో ప్రతి పైలట్‌కూ క్షుణ్ణంగా తెలిసి ఉండాలి.

దారి తప్పించే మూడు శత్రువులు

మీరే శిక్షణ పొందుతున్న విద్యార్థి అనుకోండి. శిక్షకుడు మిమ్మల్ని ఒక దూరప్రయాణానికి ఒంటరిగా పంపించాడు. మీ దగ్గర పటం, దిక్సూచి, గడియారం ఉన్నాయి. పటం మీద గీత గీసుకున్నారు. గీత చూపిన దిక్కుకు విమానం ముక్కును తిప్పారు. ఇక తప్పేదేముంది?

మొదటి శత్రువు గాలి. పడవను ఏటికి అడ్డంగా నడిపినప్పుడు ఏం జరుగుతుంది? పడవ ముక్కు అవతలి గట్టు వైపే ఉన్నా, ప్రవాహం దానిని పక్కకు లాక్కుపోతుంది. విమానానికి గాలే ఏరు. మీ విమానం వేగం గంటకు 180 కిలోమీటర్లు, పక్కనుంచి వీచే గాలి వేగం గంటకు 18 కిలోమీటర్లు అనుకుందాం. 20 నిమిషాలలో మీరు 60 కిలోమీటర్లు ముందుకు పోతారు. అదే సమయంలో గాలి మిమ్మల్ని 6 కిలోమీటర్లు పక్కకు నెట్టివేస్తుంది. విమానంలో కూర్చున్న మీకు ఆ నెట్టడం ఏమాత్రం తెలియదు. మీతోపాటు చుట్టూ ఉన్న గాలి మొత్తం కదులుతున్నది కదా! కింద కనిపించవలసిన చెరువు కనిపించనప్పుడు మాత్రమే అనుమానం వస్తుంది.

పైలట్లు దీనికొక సులభమైన సూత్రం గుర్తుపెట్టుకుంటారు. 60 కిలోమీటర్లు పోయేసరికి ఒక్క డిగ్రీ తప్పు ఒక కిలోమీటరు తప్పవుతుంది. పై లెక్కలో 6 కిలోమీటర్లు పక్కకు పోయాం కనుక దిక్కు సుమారు 6 డిగ్రీలు తప్పిందన్నమాట. ముందుగానే గాలి వచ్చే వైపుకు ముక్కును 6 డిగ్రీలు తిప్పి ఉంటే గీత మీదనే పోయేవాళ్ళం.

రెండవ శత్రువు ఎత్తును చూపే ఆల్టిమీటర్‌లోనే దాగి ఉంది. అది నిజానికి ఎత్తును కొలవదు. గాలి పీడనాన్ని కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది కనుక ఆ తగ్గుదలను అడుగులలోకి మార్చి చూపిస్తుంది. నేలకు దగ్గరలో ఒక మిల్లీబార్ పీడనం తగ్గితే దాదాపు 30 అడుగులు ఎక్కినట్లు లెక్క. కాని పీడనం ఎత్తును బట్టే కాక, వాతావరణాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే బయలుదేరే ముందు ఆనాటి పీడనాన్ని ఆల్టిమీటర్‌లో అమర్చుకోవాలి. దారిలో మళ్ళీ మళ్ళీ సరిచేసుకోవాలి. మీరు తక్కువ పీడనం గల చోటు నుంచి 10 మిల్లీబార్లు ఎక్కువ పీడనం గల చోటుకు సరిచేసుకోకుండా పోయారనుకోండి. ఆల్టిమీటర్ చూపే ఎత్తు కంటే మీరు దాదాపు 300 అడుగులు పైన ఉంటారు. నెత్తి మీది కప్పుకు దగ్గరగా ఎగురుతున్నవారికి ఆ 300 అడుగులు చాలు.

మూడవ శత్రువు మనసు. విద్యార్థికి ఒకేసారి చేయవలసిన పనులు ఎన్నో ఉంటాయి. వేగం చూడాలి, ఎత్తు చూడాలి, ఇంధనం చూడాలి, రేడియో వినాలి, పటం మడత విప్పాలి. పటంలో తలదూర్చిన ఒక్క నిమిషంలో విమానం మూడు కిలోమీటర్లు పోతుంది. పైగా మన మనసు చూడదలచుకున్నదే చూస్తుంది. రెండు రోడ్లు కలిసే చోటు కోసం వెతుకుతున్నవాడికి ఏ రెండు రోడ్లు కలిసినా అదే తాను వెతుకుతున్న చోటుగా తోస్తుంది. కొత్త ప్రాంతంలో ఈ పొరపాటు మరీ సులభం.

ఒక ఆదివారం మధ్యాహ్నం

ఇక 1986 ఆగస్టు 31న ఏం జరిగిందో చూద్దాం. అది ఆదివారం. అమెరికా పశ్చిమ తీరంలోని లాస్ ఏంజెలిస్ నగరం పైన ఆకాశం నిర్మలంగా ఉంది. మెక్సికో నుంచి వస్తున్న ఏరోమెక్సికో సంస్థ డీసీ-9 జెట్ విమానం లాస్ ఏంజెలిస్‌లో దిగడానికి సిద్ధమవుతున్నది. అందులో 64 మంది ఉన్నారు. కంట్రోలర్ దానిని 6,000 అడుగులకు దిగమన్నాడు.

ఉదయం 11 గంటల 40 నిమిషాల ప్రాంతంలో దగ్గరలోని టోరెన్స్ అనే చిన్న విమానాశ్రయం నుంచి ఒక పైపర్ విమానం బయలుదేరింది. అది ఒకే ఇంజను గల చిన్న విమానం. అందులో ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు. తూర్పున కొండల్లో ఉన్న బిగ్ బేర్ అనే ఊరికి పోతున్నారు. నడుపుతున్నవాడు విద్యార్థి కాదు, లైసెన్సు ఉన్న పైలట్. నియంత్రిత గగనతలం అడుగు కిందనుంచి పోయి, దానిని దాటాక పైకి ఎక్కవలసింది. కాని విమానం అంతకు ముందే గగనతలంలోకి ఎక్కివచ్చింది. అనుమతి అడగలేదు. కంట్రోలర్‌తో అతడు రేడియోలో మాట్లాడడం కూడా లేదు.

11 గంటల 52 నిమిషాలకు సెరిటోస్ అనే పట్టణం పైన రెండు విమానాలూ ఢీకొన్నాయి. ఎత్తు సుమారు 6,560 అడుగులు. అక్కడ నియంత్రిత గగనతలం 6,000 అడుగుల దగ్గర మొదలవుతుంది. అంటే నిలువున చూస్తే పైపర్ గోడ దాటింది ఐదారు వందల అడుగులు మాత్రమే. పైపర్ ఇంజను తగిలి, డీసీ-9 తోక పైభాగాన అడ్డంగా ఉండే రెక్క ఊడిపోయింది. ఆ రెక్క లేనిదే విమానం ముక్కును పైకెత్తడం గాని, సమంగా నిలపడం గాని సాధ్యం కాదు. డీసీ-9 ఇళ్ళ మధ్య కూలిపోయింది. ఐదు ఇళ్ళు నేలమట్టమయ్యాయి. నేల మీద ఉన్నవారు 15 మంది మరణించారు. రెండు విమానాలలోనూ ఒక్కరు కూడా బతకలేదు. మొత్తం 82 మంది. పైపర్ ఒక ప్రాథమిక పాఠశాల ఆటస్థలంలో పడింది. ఆదివారం కావడం వల్ల అక్కడ పిల్లలెవరూ లేరు.

ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. సరిగ్గా ఆ సమయంలోనే మరో చిన్న విమానం కూడా అనుమతి లేకుండా ఆ గగనతలంలోకి వచ్చింది. దాని పైలట్ రేడియోలో కంట్రోలర్‌ను పలకరించాడు. కంట్రోలర్ అతనితో మాట్లాడుతూ, అతడున్న చోటు తెలుసుకుంటూ ఉండగానే, మాట్లాడని రెండవ విమానం డీసీ-9 దారిలోకి వచ్చేసింది. ఒకే వేళ, ఒకే చోట, ఇద్దరు ఒకే తప్పు చేశారు. ఇది ఒక మనిషి అజాగ్రత్త మాత్రమే కాదని దీనివల్లనే తెలుస్తున్నది.

కళ్ళు ఎందుకు చూడలేదు?

పట్టపగలు. మబ్బు లేదు. రెండు విమానాలలోనూ పైలట్ల కళ్ళ ముందు అద్దాలున్నాయి. అయినా ఎవరూ తప్పుకునే ప్రయత్నం చేసినట్లు దర్యాప్తులో ఆధారం దొరకలేదు. ఇది ఎలా సాధ్యం?

రెండు రోడ్లు కలిసే కూడలి వైపు మీరు సైకిలు మీద పోతున్నారు. పక్క రోడ్డు మీద మరొక సైకిలు అదే కూడలి వైపు వస్తున్నది. ఇద్దరి వేగాలూ మారడం లేదు. ఆ సైకిలు మీ దృష్టిలో ముందుకు జరుగుతూ ఉంటే అది మీకంటే ముందు కూడలి దాటుతుంది. వెనక్కు జరుగుతూ ఉంటే మీరు ముందు దాటుతారు. అది ముందుకూ జరగక, వెనక్కూ జరగక, ఒకే కోణంలో నిలిచి కనిపిస్తే? కూడలిలో ఇద్దరూ ఢీకొంటారు! ఓడలు నడిపేవారికి ఈ సూత్రం ఎంతో కాలంగా తెలుసు.

ఇప్పుడు ఆలోచించండి. మన కన్ను కదిలే వస్తువును ఇట్టే పట్టేస్తుంది. కదలని వస్తువును పట్టించుకోదు. గడ్డిలో మిడత ఎగిరితేనే కదా మనకు కనిపించేది! ఢీకొనబోయే విమానమే పైలట్ కంటికి కదలకుండా కనిపించేది. అద్దం మీద అంటిన మచ్చలాగా అది ఉన్నచోటనే ఉంటుంది.

పోనీ, పెద్దదిగా కనిపిస్తుందా? లెక్క వేద్దాం. పైపర్ రెక్కల పొడవు ఒక కొస నుంచి మరొక కొసకు సుమారు 11 మీటర్లు. రెండు విమానాలు సెకనుకు 100 మీటర్ల చొప్పున దగ్గరవుతున్నాయనుకుందాం. మరో విమానాన్ని చూసి, అది విమానమని గుర్తించి, ఢీకొనబోతున్నదని గ్రహించి, ఎటు తిరగాలో నిర్ణయించి, చేతులు కదిలి, విమానం నిజంగా తిరగడానికి మొత్తం 12.5 సెకండ్లు పడుతుందని అమెరికా విమానయాన శాఖ లెక్కకట్టింది. అంటే కనీసం 1,250 మీటర్ల దూరంలోనే చూసి ఉండాలి. ఆ దూరంలో 11 మీటర్ల వెడల్పు మన కంటి దగ్గర చేసే కోణం సుమారు అర డిగ్రీ. అది ఎంతంటే, చాచిన చేతిలో పట్టుకున్న కందిగింజ అంత. రెక్కలు పూర్తిగా కనిపిస్తేనే ఆ మాత్రం. ఎదురుగా చూస్తే రెక్కలు సన్నని గీతలే కనుక, కనిపించేది అంతకంటే చిన్న చుక్క. దూరం సగమైతే ఆ చుక్క రెట్టింపవుతుంది. చివరి రెండు మూడు సెకండ్లలోనే అది ఉన్నట్టుండి పెద్దదై అద్దమంతా నిండుతుంది. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు.

అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1978 సెప్టెంబరు 25న, శాండియేగో నగరం పైన కూడా నిర్మలమైన ఆకాశంలోనే ఒక బోయింగ్ 727, ఒక చిన్న సెస్నా విమానం ఢీకొన్నాయి. సెస్నా శిక్షణలో ఉంది. దానిలోని పైలట్ పరికరాలతో ఎగరడం నేర్చుకుంటున్నాడు. రెండు విమానాలూ కంట్రోలర్లతో మాట్లాడుతూనే ఉన్నాయి. బోయింగ్ పైలట్లకు సెస్నా సంగతి చెప్పారు కూడా. అయినా వారు దానిని చూపు నుంచి పోగొట్టుకున్నారు. 144 మంది మరణించారు. కాబట్టి ‘చూడు, తప్పుకో’ అవసరమైన సూత్రమే గాని, దాని మీదనే ప్రాణాలను వేలాడదీయకూడదు.

తెర మీద ఎత్తు లేని చుక్క

కళ్ళు చూడకపోతే రాడార్ చూడలేదా? సెరిటోస్ విషయంలో పైపర్ గుర్తు కంట్రోలర్ తెర మీదకు వచ్చిందనీ, కాని అది అతని దృష్టికి రాలేదనీ దర్యాప్తు సంఘం అభిప్రాయపడింది. ఆ గుర్తుకు ఒక లోపం ఉంది. దాని పక్కన ఎత్తు లేదు.

మామూలు రాడార్ రేడియో తరంగాలను పంపి, విమానానికి తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. బావిలోకి కేక వేసి ప్రతిధ్వని విన్నట్టే. దీనివల్ల దిక్కు, దూరం తెలుస్తాయి. ఎత్తు తెలియదు. అందుకే ట్రాన్స్‌పాండర్ అనే పరికరాన్ని విమానంలో అమర్చారు. నేల మీది రాడార్ ‘ఎవరది?’ అని 1,030 మెగాహెర్ట్జ్ తరంగంతో ప్రశ్నిస్తుంది. ట్రాన్స్‌పాండర్ 1,090 మెగాహెర్ట్జ్ తరంగంతో తన నాలుగంకెల సంఖ్యను చెబుతుంది. అంకెలు 0 నుంచి 7 వరకే కనుక ఇలాంటి సంఖ్యలు 4,096 సాధ్యం. అమెరికాలో కంటిచూపు పద్ధతిలో పోయే విమానాలన్నీ మామూలుగా 1200 అనే సంఖ్యనే చెబుతాయి. మెరుగైన ట్రాన్స్‌పాండర్ సంఖ్యతో పాటు ఎత్తును కూడా పంపుతుంది. పైపర్‌లో ఉన్నది ఎత్తును పంపని రకం. కంట్రోలర్ తెర మీద అలాంటి చుక్కలు చాలా ఉంటాయి. చాలా మట్టుకు అవి గగనతలం కిందుగా పద్ధతి ప్రకారం పోతున్నవే. వాటిలో ఒకటి పైకి ఎక్కివస్తే దాన్ని తెలుసుకునే ఉపాయం లేదు.

ప్రమాదం జరిగినప్పుడు ఎవరో ఒకరిని వేలెత్తి చూపి ఊరుకోవడం సులభం. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి అలా చేయలేదు. ఢీకొనకుండా కాపాడడంలో గగనయాన నియంత్రణ వ్యవస్థకున్న పరిమితులే ప్రధాన కారణమని తేల్చింది. పైపర్ తెలియక గగనతలంలో ప్రవేశించడాన్నీ, ‘చూడు, తప్పుకో’ పద్ధతికున్న పరిమితులనూ తోడైన కారణాలుగా పేర్కొన్నది. మనిషి పొరబడడం సహజం. ఒక్క మనిషి పొరబడినంత మాత్రాన 82 మంది చనిపోయే పరిస్థితి ఉండడమే అసలు లోపం.

ఆ తరువాత వచ్చిన మార్పులు

1987 చివర అమెరికాలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం 30 కంటే ఎక్కువ సీట్లున్న ప్రయాణికుల విమానాలన్నీ ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ అనే పరికరాన్ని అమర్చుకోవాలి. ఈ పరికరం కంట్రోలర్ మీద ఆధారపడదు. చుట్టూ ఉన్న విమానాల ట్రాన్స్‌పాండర్లను తానే ప్రశ్నిస్తుంది. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కకడుతుంది. ప్రమాదం కనిపిస్తే ముందుగా హెచ్చరించి, ఆపైన ‘ఎక్కు’ లేదా ‘దిగు’ అని పైలట్‌కు చెబుతుంది. రెండు విమానాలలోనూ ఈ పరికరం ఉంటే అవి రెండూ మాట్లాడుకుని, ఒకదానిని ఎక్కమనీ రెండవదానిని దిగమనీ చెబుతాయి. అయితే అవతలి విమానం తన ఎత్తును చెప్పకపోతే ఎక్కాలో దిగాలో ఇది కూడా చెప్పలేదు. అందుకే 1989 నుంచి పెద్ద విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ళ మేర ఎగిరే విమానాలు ఎత్తును పంపే ట్రాన్స్‌పాండర్ ఉంచుకోవాలని నిబంధన పెట్టారు. 30 నాటికల్ మైళ్ళంటే సుమారు 55 కిలోమీటర్లు.

మన దేశానికి కూడా ఈ పాఠం ఎంతో ఖరీదుతో వచ్చింది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ అరేబియా బోయింగ్ 747, కజకిస్తాన్ ఇల్యూషిన్-76 విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. అక్కడ రెండు విమానాలూ నియంత్రిత గగనతలంలోనే, కంట్రోలర్ చెప్పిన దారిలోనే ఉన్నాయి. కాని కజక్ విమానం తనకిచ్చిన 15,000 అడుగులు దాటి ఇంకా కిందికి దిగిపోయింది. ఆనాడు ఢిల్లీలో ఉన్న రాడార్ విమానం ఎత్తును చూపగలిగేది కాదు. ఆ తరువాతనే మన దేశంలో ఢీకొనకుండా హెచ్చరించే పరికరాన్ని తప్పనిసరి చేశారు. చోటు వేరు, తప్పు వేరు, లోపం మాత్రం ఒకటే: తెర మీద ఎత్తు లేని చుక్క.

గోడ దాటినవాడు ఏం చేయాలి?

మళ్ళీ మన విద్యార్థి దగ్గరకు వద్దాం. కింద ఉండవలసిన చెరువు కనిపించలేదు. ఎదురుగా పెద్ద రన్‌వే కనిపిస్తున్నది. గుండె గతుక్కుమన్నది. ఇప్పుడేం చేయాలి?

శిక్షకులు మూడు మాటలు వరుసగా నేర్పుతారు. మొదట విమానాన్ని సరిగా ఎగరనివ్వు. తరువాత ఎక్కడున్నావో తెలుసుకో. ఆ తరువాత మాట్లాడు. ఈ మూడవ మాట దగ్గరే చాలామంది వెనకాడతారు. తిడతారేమో, లైసెన్సు పోతుందేమో అని భయం. నోరు మూసుకుని వచ్చిన దారినే మెల్లగా జారుకుంటే ఎవరికీ తెలియదులే అనిపిస్తుంది. లెక్క తప్పిన విద్యార్థి పలక దాచుకున్నట్టు! కాని ఆకాశంలో మౌనమే అన్నిటికంటే ప్రమాదకరం. మాట్లాడిన విమానాన్ని కంట్రోలర్ గుర్తుపడతాడు. జెట్లను దాని చుట్టూ తప్పిస్తాడు. దానికి బయటికి దారి చూపిస్తాడు. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 121.5 మెగాహెర్ట్జ్ అనే అత్యవసర తరంగం మీద పిలవవచ్చు. ప్రపంచమంతటా అది ఒకటే.

ఈ భయాన్ని పోగొట్టడానికి అమెరికాలో ఒక మంచి ఏర్పాటు చేశారు. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపంలో ఒక బోయింగ్ 727 కొండను ఢీకొని 92 మంది మరణించారు. దానికి కొద్ది వారాల ముందే మరో సంస్థ విమానం అదే చోట, అదే పొరపాటు వల్ల, తృటిలో తప్పించుకుంది. ఆ సంస్థ తన పైలట్లకు ఆ సంగతి చెప్పుకుంది గాని, ఇతరులకు అది చేరలేదు. చేరి ఉంటే ఆ 92 మంది బతికేవారేమో! అందుకని 1976లో, పొరపాట్లను నిర్భయంగా తెలియజేసే పద్ధతి ఒకటి మొదలైంది. దానిని నడిపేది శిక్షలు వేసే విమానయాన శాఖ కాదు, అంతరిక్ష పరిశోధనలు చేసే నాసా. పైలట్ తన పొరపాటును ఉత్తరం రాసి పంపితే నాసా అతని పేరు, ఆనవాళ్ళు తీసివేసి, అందులోని పాఠాన్ని మాత్రం అందరికీ పంచుతుంది. కావాలని చేసిన తప్పు కాకపోతే, పది రోజులలోపల తెలియజేసినవారికి సాధారణంగా జరిమానా, లైసెన్సు తాత్కాలిక నిలుపుదల వంటి శిక్షలు వేయరు. నేరాలకూ, ప్రమాదాలకూ మాత్రం ఈ మినహాయింపు లేదు.

ఈనాడు చాలా చిన్న విమానాలలో ఉపగ్రహాల సాయంతో చోటును చూపే తెరలు వచ్చాయి. గోడలు ఆ తెర మీద రంగు గీతలుగా కనిపిస్తాయి. 2020 నుంచి అమెరికాలో రద్దీ గగనతలాలలో ఎగిరే విమానాలు తామున్న చోటునూ, ఎత్తునూ తామే ఎప్పటికప్పుడు ప్రకటించే పరికరం కలిగి ఉండాలి. అయినా దిక్సూచి, గడియారం, పటంతో దారి వెతుక్కోవడాన్ని విద్యార్థులకు ఇంకా నేర్పుతూనే ఉన్నారు. తెర ఆరిపోవచ్చు. గాలి మాత్రం వీస్తూనే ఉంటుంది.

మీరూ ఒక లెక్క చేసి చూడండి. ఒక విమానం గంటకు 240 కిలోమీటర్ల వేగంతో సరిగ్గా ఉత్తరానికి ముక్కు పెట్టి పోతున్నది. పడమటి నుంచి గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తున్నది. 15 నిమిషాల తరువాత అది అనుకున్న దారికి ఎటు వైపు, ఎంత దూరంలో ఉంటుంది? ఉత్తరానికి పోవాలంటే ముక్కును ఎటు, ఎన్ని డిగ్రీలు తిప్పాలి?

జవాబు: తూర్పు వైపు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ 15 నిమిషాలలో 60 కిలోమీటర్లు పోయింది కనుక దిక్కు సుమారు 5 డిగ్రీలు తప్పింది. అందుచేత ముక్కును పడమటి వైపు, అంటే గాలి వచ్చే వైపు, 5 డిగ్రీలు తిప్పాలి. అనుకున్న దారికి తూర్పున 4 కిలోమీటర్లలో నియంత్రిత గగనతలం ఉన్నదనుకోండి. లెక్క వేసుకోని పైలట్ ఈపాటికి దాని లోపల ఒక కిలోమీటరు పోయి ఉంటాడు. అతడు వెంటనే చేయవలసిన పని ఏమిటో మీకు ఇప్పుడు తెలుసు.